లంకాకులో లటాకియా: పైపు పొగాకు కలిపిన చుట్టల ప్రాజెక్టు డైరీ

ఎవరైనా ఇదే పని మొదలుపెడితే నేను తగలేసిన ఆకు వాళ్లు తగలేయకూడదని ఈ డైరీ. పొగాకు అలవాటు లేనివాళ్లు దీన్ని చూసి మొదలుపెట్టాల్సిన అవసరమేమీ లేదు. లంకాకు నికోటిన్ గట్టిది. ఖాళీ కడుపుతో చుట్ట ముట్టిస్తే కళ్లు తిరిగి కూర్చోవాల్సి వస్తుంది, క్యాన్సర్ సంగతి సరేసరి. ఇక్కడ చుట్టినవి ఇంటి వాడకానికే, అమ్మకానికి కాదు.

లక్ష్యం ఒక్కటే. గోదావరి లంకల పొగాకు ప్రధానంగా, అందులో పైపు పొగాకు రుచి తెలిసేలా, సగంలో ఆరిపోని చుట్ట. నికరాగువాలో డ్రూ ఎస్టేట్ అనే సిగార్ల కంపెనీ వాళ్లు లటాకియా (కట్టెల పొగ మీద కాచినది), పెరీక్ (పీపాల్లో పులియబెట్టినది) లాంటి పైపు ఆకుల్ని సిగార్లలో వాడుతున్నారు కాబట్టి అయ్యే పనేనని తెలుసు. ఎలా అవుతుందన్నదే తేల్చుకోవాలి.

దశ 0: సరుకు, లెక్క

లంకాకు రాజమండ్రి దగ్గర చుట్టల కొట్టు పెద్దాయన ఇచ్చారు. వరద తీశాక ఒండ్రు మీద నాటే పంట ఇది. ఆకు మందం, జిగురు ఎక్కువ. పైపు సరుకు మా బావమరిది డాలస్ నుంచి వస్తూ తెచ్చాడు. విమానంలో వచ్చేవాళ్లు సుంకం లేకుండా తెచ్చుకోగలిగే పొగాకు 125 గ్రాములే. అందుకే రెండు రకాలతో సరిపెట్టుకున్నాం. సైప్రస్ లటాకియా 50 గ్రాములు, వర్జీనియా-పెరీక్ ఫ్లేక్ (ఆ రెండు ఆకులూ కలిపి పలకలుగా నొక్కినది) 50 గ్రాములు. అయిపోతే మళ్లీ వచ్చేది ఎప్పుడో తెలియదు కాబట్టి ఈ రెండింటికీ గ్రాము గ్రాము లెక్క రాశాను.

"వర్జీనియా మన దగ్గరే బోలెడు పండుతుంది కదా, టిన్ను ఎందుకు" అని అడిగేవాళ్లకు: వర్జీనియాను పొగాకు బోర్డు వేలం కేంద్రాల్లోనే అమ్మాలి, రైతు దగ్గర విడిగా కొనడానికి లేదు. బర్లీ అనే ఇంకో రకానికి ఆ నిబంధన లేదు. ఉమ్మడి తూర్పు గోదావరి ఏజెన్సీ వైపు పండే తెల్లబర్లీ అరకిలో ఒక వ్యాపారి దగ్గర దొరికింది. అప్పుడు దాని మీద పెద్ద ఆశ లేదు. చివరికి ప్రాజెక్టును నిలబెట్టింది అదే.

ఖర్చు:
లంకాకు 1 కిలో – 400
తెల్లబర్లీ అరకిలో – 120
0.01 గ్రా. వరకు చూపే నగల తూకం – 650
డిజిటల్ హైగ్రోమీటర్ (గాలిలో తేమ చూపేది) – 350
ముప్పావు ఇంచీ సీపీవీసీ నీళ్ల పైపు ముక్కలు – 90
పెద్ద సిరంజి, అక్వేరియం ట్యూబు, టీ జాయింటు – 130
ఇప్పటికి మొత్తం: రూ. 1,740

చేపల తొట్టి గాలిపంపు, ఓటీజీ (చిన్న ఓవెన్), వెర్నియర్ కాలిపర్స్ ఇంట్లో ఉన్నవే.

దశ 1: కొలతలు ముందు ఖాయం చేసుకోవడం

చుట్ట పొడవు 125 మి.మీ., వ్యాసం 18 మి.మీ. సిగార్ల లెక్కలో దాదాపు 45 రింగు (ఒక రింగు అంటే ఇంచీలో 64వ వంతు). వ్యాసం నేను ఎంచుకున్నది కాదు, సీపీవీసీ పైపు లోపలి కొలత అంత ఉంది. పైపును నిలువునా రెండుగా కోస్తే అచ్చు తయారు. హాక్సా బ్లేడు ఒక మిల్లీమీటరు తినేస్తుంది కాబట్టి రెండు ముక్కల్ని కోసి, ఒక్కోదాంట్లో పెద్ద సగాన్ని వాడాలి. కోసిన అంచులు సాండ్‌పేపర్‌తో రుద్దకపోతే ఆకు చిరుగుతుంది. బిగించడానికి సైకిల్ ట్యూబు రింగులు.

బరువు: ఫిల్లర్ 6.5 గ్రా., బైండర్ 1.3, ర్యాపర్ 0.9. మొత్తం 8.7 గ్రా. ఫిల్లర్ అంటే లోపలి కూర, బైండర్ దాన్ని పట్టి ఉంచే ఆకు, ర్యాపర్ పై చుట్టు.

పీల్పు, అంటే చుట్టలోంచి గాలి ఎంత సులువుగా వస్తోందో కొలవడానికి చిన్న ఏర్పాటు చేశాను. గాలిపంపు నుంచి ట్యూబు, మధ్యలో టీ జాయింటు. ఒక కొమ్మకు సిరా నీళ్లు పోసిన, U ఆకారంలో వంచిన ట్యూబు (యూ-ట్యూబు), రెండో కొమ్మకు చుట్ట. చుట్ట చుట్టూ గాలి కారకుండా బెలూన్ మూతి తొడిగితే సరిపోతుంది. పంపు పీల్చదు, ఊదుతుంది. ఒత్తిడి తేడా చూడటానికి ఏదైనా ఒకటే. అంకె ఎంత పెద్దదైతే పీల్చడం అంత కష్టం. కొట్లో కొన్న మామూలు చుట్ట 40 మి.మీ. నీటి తేడా చూపింది. లంకాకు ఒక్కటే పెట్టి నేను చుట్టింది 55. ఈ రెండే నా గీటురాళ్లు.

కాలే తీరు చూడటానికి ప్రతిదీ తాగక్కర్లేదు, తాగకూడదు కూడా. సిరంజితో 40 సెకన్లకోసారి 45 మి.లీ. చొప్పున లాగుతూ వాకిట్లో కూర్చుని బూడిద ఎలా నిలుస్తోంది, నిప్పు ఎంత లోతుకు వెళ్తోంది రాసుకున్నాను. సిరంజి తొందరగానే జిడ్డు పట్టి బిగుసుకుంటుంది, రెండో దాన్ని సిద్ధంగా ఉంచుకోండి.

హైగ్రోమీటర్‌ను నమ్మే ముందు ఉప్పు పరీక్ష చేయండి. సీసా మూతలో ఉప్పు, తడిసి ముద్దయ్యేంత నీళ్లు, ఆ మూతనూ హైగ్రోమీటర్‌నూ గట్టి డబ్బాలో మూసి రాత్రంతా ఉంచితే 75 శాతం చూపాలి. నాది 69 చూపింది. ఇక్కడ రాసిన గాలి తేమ అంకెలన్నీ ఆ 6 కలిపినవే.

దశ 2: టిన్నులోంచి తీసి నేరుగా పెడితే

ఫిల్లర్‌లో 30 శాతం పైపు పొగాకు, మిగతా లంకాకు. లటాకియావి కొన్ని, ఫ్లేక్ నలిపి పెట్టినవి కొన్ని చుట్టాను. రెండూ పాడయ్యాయి, కానీ వేర్వేరుగా.

ఫ్లేక్ పెట్టినవి: యూ-ట్యూబులో 140. అంటే దాదాపు మూసుకుపోయినట్టే. ముట్టిస్తే చుట్టూ ఉన్న లంకాకు కాలి, మధ్యలో వర్జీనియా కాలకుండా పెన్సిలు మొనలా బయటికి పొడుచుకొచ్చింది. రెండు సెంటీమీటర్లు కాలేసరికి ఆరిపోయింది. మళ్లీ ముట్టిస్తే నాలుక మండింది.

లటాకియా పెట్టినవి: పీల్పు 95, ఫర్వాలేదు. కానీ నిప్పు మధ్యలోంచి సొరంగంలా లోపలికి పోయింది. పై ఆకు నల్లబడి అలాగే ఉండిపోయింది. లటాకియా సన్నటి పాయలుగా తరిగి ఉంటుంది, పైగా ఫ్లేక్ కంటే పొడి. లంకాకు ర్యాపర్ మందం వల్ల వెనకబడుతుంది. నోటి వైపు పలుకులు ఊడి నోట్లోకి రావడం అదనపు బాధ.

పెద్దాయనకు ఒకటి చూపించాను. చేతిలోకి తీసుకుని రెండు వేళ్లతో నొక్కి, "మీరు కూర మార్చారు గానీ పదును మార్చలేదండీ. దేని పదును దానిదే కదండీ" అన్నారు. ముట్టించమంటే వద్దన్నారు.

మిగులు: లటాకియా 44.1 గ్రా., ఫ్లేక్ 44.1 గ్రా. ఒక్కోదాంట్లో 2 గ్రా. తేమ పరీక్షకు పోయింది.

దశ 3: పదును

పెద్దాయన మాట పట్టుకుని తేమ కొలిచాను. 2 గ్రా. నమూనాను ఓటీజీలో 100 డిగ్రీల దగ్గర రెండు గంటలు ఉంచి, తగ్గిన బరువు చూడటమే.

లంకాకు, చుట్టడానికి ముందు ఆరబెట్టినది – 12.5 శాతం
లటాకియా – 17 శాతం
ఫ్లేక్ – 21 శాతం

పైపు పొగాకును తడిగానే డబ్బాకెత్తుతారు. ఎండి పొడి కాకుండా గ్లైకాల్ లాంటివి కూడా కలుపుతారు. వేడికి అది కూడా కొంత ఆవిరైపోతుంది కాబట్టి పై అంకె అసలు తేమ కంటే కాస్త ఎక్కువే చూపిస్తుంది. పోల్చి చూసుకోవడానికి ఇబ్బంది లేదు.

12.5 శాతానికి దింపడానికి తూకమే చాలు:
1. ఫ్లేక్ 10 గ్రా. తూచండి. 21 శాతం తేమ పోతే పొడి సరుకు 7.9 గ్రా.
2. 7.9ని 0.875తో భాగించండి. 9.03 వస్తుంది.
3. న్యూస్‌పేపర్ మీద పలచగా పరిచి, ఫ్యాను నేరుగా తగలకుండా ఆరనివ్వండి. తూకం 9.0 చూపగానే తీసి డబ్బాలో పెట్టండి.
4. లటాకియాకు ఇదే లెక్కలో 10 గ్రా. కాస్తా 9.5 కావాలి.

టైము చెప్పమంటే చెప్పలేను. మబ్బు పట్టిన రోజు సాయంత్రానికి కూడా దిగలేదు. ఎండ కాసిన రోజు మధ్యాహ్న భోజనం లేటయితే మాడిపోయినట్టే. తూకాన్ని నమ్మండి, గడియారాన్ని కాదు.

పదును సరిచేశాక అదే 30 శాతంతో మళ్లీ చుడితే ఫ్లేక్ చుట్ట పీల్పు 140 నుంచి 110కి వచ్చింది. మధ్యలో పొడుచుకురావడం సగానికి తగ్గింది. ఆరిపోవడం మాత్రం మానలేదు. నాలుక మంట అలాగే ఉంది. అంటే తేమ ఒక్కటే కాదు. ఆకు తరిగిన తీరులోనూ లోపం ఉంది.

మిగులు: లటాకియా 40.2, ఫ్లేక్ 40.2.

దశ 4: తరిగిన పొగాకు వద్దు, నిండాకు కావాలి

చుట్టలో గాలి నడిచేది ఆకు మడతల మధ్య నిలువు సందుల్లోంచి. తరిగిన పొగాకు ఆ సందుల్లో పడి పూడ్చేస్తుంది. పైపు గిన్నెలో అయితే పుల్లతో కెలికి సరిచేసుకోవచ్చు, చుట్టలో ఆ వీలు లేదు. నాలుక మంటకు కారణం వేరే. బ్యారన్‌లో (ఆకు కాచే గదిలో) వేడితో కాచిన వర్జీనియాలో చక్కెర నిలిచిపోతుంది, దాని పొగ ఆమ్లం వైపు ఉంటుంది. గాలికి ఆరి, మండెల్లో (కుప్పల్లో) మాగిన చుట్టాకులో చక్కెర దాదాపు ఉండదు, పొగ క్షారం వైపు ఉంటుంది. వర్జీనియాను ఎక్కువ పెట్టి వేడిగా లాగితే నోరు ఊరుకోదు.

అందుకని ఇలా మార్చాను. తీపి, మెత్తదనం ఇచ్చే భాగాన్ని ఇంట్లోనే నిండాకుగా తయారుచేయడం. పైపు వాళ్లు బ్లాక్ కావెండిష్ అనేది ఆవిరికి ఉడికించి నల్లబరిచిన పొగాకే. వర్జీనియాతోనూ చేస్తారు, బర్లీతోనూ చేస్తారు. బర్లీకి సొంత చక్కెర లేదు, కానీ ఏది పోసినా పీల్చుకుంటుంది. బెల్లం మన దగ్గర ఉండనే ఉంది.

ఇప్పుడు నిలబడ్డ పద్ధతి:
1. తెల్లబర్లీ ఆకుపై నీళ్లు చిలకరించి, కవర్లో మూసి మెత్తబడనివ్వండి. నడిమి ఈనె తీసేయండి. తడాకు ముట్టుకునేటప్పుడు గ్లౌజులు తప్పనిసరి. నికోటిన్ చర్మంలోంచి కూడా ఎక్కుతుంది.
2. 100 గ్రా. ఆకుకు 5 గ్రా. బెల్లం, 60 మి.లీ. నీళ్లు. కరిగించి వడగట్టి స్ప్రే చేయండి. రాత్రంతా మూసి ఉంచండి.
3. పలచటి గుడ్డలో వదులుగా చుట్టి ఇడ్లీ పాత్ర పై అంతస్తులో పెట్టి మూడు గంటలు ఆవిరి పట్టండి. అడుగున నీళ్లు చూసుకుంటూ పోస్తుండాలి. కిటికీలన్నీ తెరవండి.
4. రెండు పలకల మధ్య ఉంచి సీ-క్లాంపుతో ఒక రాత్రి నొక్కండి.
5. పొరలు విడదీసి 12.5 శాతానికి ఆరబెట్టండి.

మొదట 100 గ్రాములకు 12 గ్రా. బెల్లం వేశాను. ఆకు వేళ్లకు అంటుకుంది. కాలేటప్పుడు నిప్పు మొహం మీద నల్లటి పెంకు కట్టి గాలి ఆగిపోయింది. 8కి దింపినా పెంకు పోలేదు, 5 దగ్గర పోయింది. ఐదు గంటలు ఆవిరి పట్టిన ఆకు రంగు చాలా బాగా వచ్చింది గానీ విడదీస్తే ముక్కలైపోయింది, అలాంటప్పుడు నిండాకు కోసం పడిన శ్రమంతా వృథా. క్లాంపులో రెండు రోజులు ఉంచితే పొరలు అట్టలా అంటుకున్నాయి. ఒక రాత్రి చాలు.

ఇంట్లో ఇప్పుడు ఇడ్లీ పాత్రలు రెండు. పాతది నాకు శాశ్వతంగా రాసిచ్చేశారు. కొత్త పాత్ర ఖర్చు ఈ లెక్కలో కలపలేదు, కలిపితే ఇంకో గొడవ.

లంకాకు 70, ఇంటి కావెండిష్ 30 పెట్టి చుట్టిన దానికి పీల్పు 60. చివరి వరకు ఆరలేదు. టిన్ను పొగాకు ఒక్క గ్రాము కూడా ఖర్చు కాలేదు.

దశ 5: లటాకియాను ఎక్కడ పెట్టాలి

లటాకియా మనకు నిండాకుగా దొరకదు, తరిగినదే. సుగంధపు కట్టెల పొగ మీద కాచిన ఆకు కాబట్టి వాసన మామూలుగా ఉండదు, సాంబ్రాణి పొగ పట్టిన గొంగడి దులిపినట్టు ఉంటుంది. 30 శాతం పెడితే లంకాకు ఎక్కడుందో తెలియలేదు. 15 శాతానికి దింపితే మొదటి సగం బాగుంది, తర్వాత అదే వాసన విసుగు పుట్టించింది. 8 శాతం, అంటే 6.5 గ్రా. ఫిల్లర్‌లో 0.5 గ్రా. దగ్గర లంకాకు గొంతు మళ్లీ వినబడింది.

సొరంగం సమస్య మోతాదు తగ్గించినా పూర్తిగా పోలేదు. పోయింది స్థానం మార్చాక:
1. ఈనె తీసిన లంకాకు నుంచి రెండు వేళ్ల వెడల్పు పట్టీ కోయండి.
2. లటాకియాను దాని మీద ఒకే వరసలో, పాయలన్నీ నిలువుగా ఉండేలా పేర్చండి. నోటి వైపు 25 మి.మీ. ఖాళీ వదలండి.
3. వదులుగా ఒక మడత వేయండి. గొట్టంలా బిగించొద్దు.
4. ఈ మడతను నట్టనడుమ పెట్టకండి. పక్కన, బైండర్‌కు దగ్గరగా పెట్టండి.

పక్కన పెడితే ఆ వైపే ముందు కాలుతుందేమోనని టెన్షన్ పడ్డాను. 15 శాతం దగ్గర నిజంగానే అలా ఒక వైపు వాలింది. 8 శాతం దగ్గర వాలలేదు. నోటి వైపు ఖాళీ వదలడంతో పలుకులు నోట్లోకి రావడం కూడా ఆగింది.

ఫ్లేక్‌కు ఈ అవస్థ అక్కర్లేదు. నలపకుండా, పలక పొరల్ని పొడుగ్గానే విడదీసి కావెండిష్ ఆకు మీద పరిచి మడిస్తే సందులు పూడటం లేదు. 10 శాతం చాలు. లూసియానాలో సెయింట్ జేమ్స్ పారిష్ వాళ్లు పీపాల్లో నొక్కి నెలల తరబడి పులియబెట్టే పెరీక్ అందులో కొంచెమే ఉన్నా ఆ మిరియాల ఘాటు ముక్కుకు తెలుస్తుంది.

మిగులు: లటాకియా 35.7, ఫ్లేక్ 37.6.

దశ 6: జిగురు, బూజు, పురుగు

ర్యాపర్ చివర అంటించడానికి మైదా ఉడికించిన జిగురు వాడాను. వారం తిరిగేసరికి చుట్టల తలల మీద తెల్లటి నూగు. గుడ్డతో తుడిస్తే పోయింది, రెండు రోజుల్లో మళ్లీ వచ్చింది. అవన్నీ పారేశాను. బూజు పట్టిన చుట్టను తుడిచి తాగే ధైర్యం ఎవరూ చేయొద్దు. మైదా బదులు గ్వార్ గమ్, అదే గోరుచిక్కుడు గింజల పొడి, చిటికెడు గోరువెచ్చని నీళ్లలో కలిపి వాడుతున్నాను. ఏ పూటకాపూట కలుపుకోవాలి. ఆ తర్వాత బూజు రాలేదు.

పురుగు వేరే కథ. కొన్ని చుట్టలకు గుండుసూదితో పొడిచినట్టు చిల్లులు, పెట్టె అడుగున సన్నటి పొడి. సిగరెట్ బీటిల్. గుడ్లు ఆకులోనే వస్తాయి, వేడి తగిలితే పొదుగుతాయి. టిన్ను సరుకు నుంచి కాదు, లంకాకు నుంచి వచ్చిందని తెలిసింది, ఎందుకంటే విడిగా పెట్టిన ఆకు కట్టలోనూ అవే చిల్లులు. ఇప్పుడు ఆకు ఇంటికి రాగానే జిప్ కవర్లో గాలి తీసి డీప్ ఫ్రీజర్‌లో మైనస్ 18 దగ్గర మూడు రోజులు, తర్వాత ఫ్రిజ్ కింది అరలో ఒక రోజు, ఆ తర్వాతే బయటికి. ఫ్రీజర్ నుంచి నేరుగా బయట పెట్టి కవరు తెరిస్తే ఆకు మీద నీరు పట్టి పదును పాడవుతుంది.

అదనపు ఖర్చు: గ్వార్ గమ్ 100, 65 శాతం తేమ నిలిపే ప్యాకెట్లు 600.
ఇప్పటికి మొత్తం: రూ. 2,440

దశ 7: ఇప్పుడు వాడుతున్న పాళ్లు

ఒక చుట్టకు ఫిల్లర్:
లంకాకు 3.90 గ్రా. – 60 శాతం
ఇంటి కావెండిష్ 1.45 గ్రా. – 22 శాతం
వర్జీనియా-పెరీక్ ఫ్లేక్ 0.65 గ్రా. – 10 శాతం
లటాకియా 0.50 గ్రా. – 8 శాతం

చుట్టే వరస: కావెండిష్ మడతలో ఫ్లేక్, పక్కన లటాకియా మడత, చుట్టూ లంకాకు, పైన బైండర్. అచ్చులో రాత్రంతా ఉంచి, మధ్యలో ఒకసారి పావు వంతు తిప్పాలి. లేకపోతే అచ్చు అతుకు గీత ర్యాపర్ మీద కూడా కనిపిస్తుంది. ర్యాపర్‌కు మొక్క అడుగాకులే తీసుకోండి, అవి పలచన. పై ఆకులు మందం, ఎంత సాగదీసినా అతకవు.

ఇలా పది చుట్టాను. పీల్పు 58 నుంచి 72 మధ్య. 72 వచ్చినది చేత్తో నొక్కితే నోటి దగ్గర గట్టిగా ఉంది, ఆకు కొసలన్నీ ఒకే వైపు పడ్డాయి. కొసలు అటూ ఇటూ వచ్చేలా పేరిస్తే సరిపోతుంది.

మిగులు: లటాకియా 30.7, ఫ్లేక్ 31.1. ఈ పాళ్లలో లటాకియా ఇంకా 61 చుట్టలకు, ఫ్లేక్ 47కు వస్తాయి. ముందు అయిపోయేది ఫ్లేకే.

చుట్టిన వెంటనే ముట్టిస్తే అమ్మోనియా ఘాటు ముక్కుకు కొట్టింది. 65 శాతం తేమలో రెండు నెలలు మాగాక అది తగ్గింది. మొదట కట్టె పొగ వాసన, నడుమ బెల్లపు తీపి, చివర లంకాకు దమ్ము. చివరి మూడో వంతు నాకు ఇంకా గట్టిగానే ఉంది. కావెండిష్ 22 నుంచి 28కి పెంచి, లంకాకు 54కి దింపి చూడాలి.

ఒక జాగ్రత్త. లటాకియా చుట్టల్ని మామూలు చుట్టలతో ఒకే పెట్టెలో పెట్టొద్దు. నేను పరీక్షకు పక్కన పెట్టిన ఉత్త లంకాకు చుట్టలన్నీ ఆ వాసన పట్టేశాయి, పోల్చి చూసుకోవడానికి పనికిరాకుండా పోయాయి. కొత్తగా ఉత్త లంకాకువి చుట్టి వేరే డబ్బాలో మూశాను. రెండు డబ్బాల్లోనూ ఒక్కో చుట్టకు దారం కట్టి వారానికోసారి తూస్తున్నాను. కలిపినది 8.70 నుంచి 8.46కు దిగి అక్కడే ఆగింది. ఉత్తది ఇంకా దిగుతోంది.